కంప్యూటర్ క్యాబినెట్ ఫ్యాన్లకు ఇంట్లనే చేసుకునే స్పీడ్ కంట్రోలర్, మన ఎండలకు తగ్గట్టు

మన దిక్కు ఇండ్లల్ల, డీటీపీ సెంటర్లల్ల, పెండ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే స్టూడియోలల్ల ఎక్కువ అసెంబుల్డ్ సిస్టమ్‌లే ఉంటయి. క్యాబినెట్‌తోని వచ్చిన ఫ్యాన్లని చానా షాపులల్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంట్ ఇచ్చే డబ్బా) నుంచి వచ్చే మోలెక్స్ (నాలుగు వైర్ల కనెక్టర్) వైర్‌కే డైరెక్ట్‌గ తగిలిచ్చి ఇస్తరు, అంటే 12 వోల్ట్‌ల మీద ఎప్పుడూ ఫుల్ స్పీడే. జనవరి రాత్రి చలికి దుప్పటి కప్పుకొని కూసున్నా, మే నెల మధ్యాహ్నం బయట 44 డిగ్రీలు ఉన్నా ఒకటే స్పీడ్, ఒకటే మోత. దీనికి ఒక నాబ్ పెట్టుకుంటే మనకి కావాల్సినప్పుడు తగ్గిచ్చుకోవచ్చు, కావాల్సినప్పుడు పెంచుకోవచ్చు. సామాన్ మొత్తం కలిపినా పెద్దగ ఖర్చు కాదు, సోల్డరింగ్ జర వచ్చినోళ్లకు ఒక పూట పని.

అయితే వరంగల్, కరీంనగర్, రామగుండం లాంటి మన ఊర్లల్ల ఎండ సంగతి తెల్సిందే కదా, ఇక్కడ కంట్రోలర్ చేసేటోళ్లు సర్క్యూట్ కంటే ముందు ఒక సంగతి మనసుల పెట్టుకోవాలె. అందుల ఏ పార్ట్ పోయినా, ఏ వైర్ ఊడినా ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌కి పోవాలె గాని ఆగిపోవద్దు. చల్లటి దేశాలోళ్లు పెట్టిన సర్క్యూట్‌లల్ల దీన్ని అంత పట్టిచ్చుకోరు, గది 22 డిగ్రీలు ఉంటే ఫ్యాన్ ఒక గంట ఆగినా ఏం కాదు. మన గది 40 ఉంటది. అందుకే నేను కింద చెప్పే ప్రతి జాయింట్ దగ్గర "ఇది ఊడితే ఏమైతది" అనేది కూడ చెప్తున్న, అది చదవకుండ దాటేయొద్దు.

ముందుగల స్పీడ్ తగ్గిస్తే ఏమొస్తది ఏం పోతది చూద్దాం. ఫ్యాన్ తోసే గాలి స్పీడ్‌కి సమానంగ తగ్గుతది, 1200 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) నుంచి 900 కి దించితే గాలి 75 శాతం మిగుల్తది. కానీ సౌండ్ గట్ల నిదానంగ తగ్గదు, అదే 900 దగ్గర సుమారు 6 డెసిబెల్స్ పడిపోతది, చెవికి ఆ తేడా బాగ తెలుస్తది. సగానికి సగం దించితే 15 డెసిబెల్స్ దాక తగ్గుతది. ఇంకోటి, స్పీడ్ తగ్గితే ఫ్యాన్ గుంజే దుమ్ము కూడ తగ్గుతది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల షాపులు ఉన్నోళ్లకు ఇది బాగ ఎరుక, పత్తి సీజన్‌ల గాలిల లేసే నూగు పోయి పోయి హీట్‌సింక్ (వేడిని గాలికి వదిలే లోహపు ముక్క) రెక్కల మధ్యల మెత్తటి పరుపు లెక్క పేరుకుంటది. ఇగ పోయేదేందంటే వేడి. ఫ్యాన్ ఎంత తిరిగినా గది కంటే చల్లగ ఏదీ చెయ్యలేదు, గదికీ క్యాబినెట్ లోపలికీ మధ్య తేడాని మాత్రమే తగ్గిస్తది. గది 20 ఉన్నప్పుడు లోపల 15 డిగ్రీలు ఎక్కువున్నా 35 యే, అదే గది 41 ఉంటే 56. కాబట్టి చలికాలంల పెట్టిన స్పీడ్ ఎండకాలం పనికిరాదు, మనకి నాబ్ కావాల్సిందే దీని కోసం.

ఇప్పుడు మీ ఫ్యాన్‌కి ఎన్ని వైర్లు ఉన్నయో చూడండి. రెండుంటే ప్లస్, మైనస్ అంతే. మూడుంటే నలుపు గ్రౌండ్, ఎరుపు 12 వోల్ట్, పసుపు టాకో, అంటే ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగితే రెండు పల్స్‌లు మదర్‌బోర్డ్‌కి పంపుతది, దాన్ని బట్టే స్క్రీన్ మీద ఆర్‌పీఎం కనబడతది. నాలుగుంటే నాలుగోది పీడబ్ల్యూఎం వైర్, అంటే గబగబ ఆన్ ఆఫ్ అయ్యే సిగ్నల్‌తోని స్పీడ్ చెప్పేది, చానా ఫ్యాన్లల్ల అది నీలం రంగుల ఉంటది (అట్లాంటివాటిల్ల పసుపు 12 వోల్ట్, ఆకుపచ్చ టాకో), ఆ నాలుగు వైర్ల ఫ్యాన్ల పద్ధతి ఇంటెల్ వాళ్లు పెట్టిన స్పెసిఫికేషన్. రెండు, మూడు వైర్ల ఫ్యాన్లకు వోల్టేజ్ తగ్గిచ్చుడే మంచి పద్ధతి. నాలుగు వైర్లదానికి వోల్టేజ్ ముట్టుకోవద్దు, నాలుగో వైర్ ద్వారానే చెప్పాలె. రెండిటికీ సర్క్యూట్‌లు వేరు, రెండూ చెప్త.

వాటికంటే ముందు రెండు ఫ్యాన్ల జోలికి అస్సలు పోవద్దు. ఒకటి సీపీయూ మీద ఉన్నది, దాన్ని మదర్‌బోర్డ్ టెంపరేచర్ చూసుకుంట తనే పెంచుతది తగ్గిస్తది, దానికంటే మంచిగ మన చెయ్యి చెయ్యలేదు. రెండోది ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫ్యాన్. ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పవద్దు, 230 వోల్ట్ ఏసీ లోపల డీసీ అయినంక పెద్ద కెపాసిటర్‌ల మీద 325 వోల్ట్ దాక ఉంటది, ప్లగ్ పీకినంక కూడ కొంచెంసేపు ఆ చార్జ్ ఉంటది, ప్రాణం మీదికొస్తది. మనం చేసేది ముందు, వెనక, పైన ఉన్న క్యాబినెట్ ఫ్యాన్లకే. ఇంకోటి, మీది కొత్త బోర్డ్ అయ్యి దాని మీద సిస్టమ్ ఫ్యాన్ హెడర్లు (ఫ్యాన్ వైర్ గుచ్చే పిన్‌లు) ఖాళీగ ఉంటే ముందు బయాస్‌ల (సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్‌ల స్క్రీన్) చూడండి, అక్కడ్నే డీసీ మోడ్, పీడబ్ల్యూఎం మోడ్ అని స్పీడ్ సెట్ చేసుకునే సౌకర్యం ఉంటే ఈ పనే అక్కర్లేదు. పాత హెచ్61 లాంటి చిన్న బోర్డ్‌లు ఉన్నోళ్లకు ఒక్క హెడరో, అది కూడ లేకనో ఉంటది, ఈ కంట్రోలర్ అసలు అక్కరకొచ్చేది వాళ్లకే.

మోలెక్స్ కనెక్టర్‌ల నాలుగు వైర్లుంటయి: పసుపు 12 వోల్ట్, ఎరుపు 5 వోల్ట్, నడుమ రెండు నల్లవి గ్రౌండ్. ఇక్కడ్నే చానా మంది తికమక పడ్తరు, ఫ్యాన్‌ల ఎర్ర వైర్ అంటే 12 వోల్ట్ ప్లస్, మోలెక్స్‌ల ఎర్రది 5 వోల్ట్. ఎరుపుకి ఎరుపు కలిపిన్రంటే ఫ్యాన్‌కి 5 వోల్ట్‌లే పోతయి, కొన్ని ఫ్యాన్లు లేవనే లేవవు. ఫ్యాన్ ప్లస్‌ని పసుపుకి, మైనస్‌ని ఎరుపుకి పెడితే 12 లోంచి 5 పోయి 7 వోల్ట్ వస్తదని ఒక పాత ఉపాయం ఉంది, అది పని చేస్తది గాని నేను వద్దనే అంట, ఎందుకంటే ఫ్యాన్ కరెంట్ అంతా 5 వోల్ట్ లైన్‌లకి వెనక్కి తోస్తున్నట్టు, ఆ లైన్ మీద లోడ్ లేనప్పుడు దాని వోల్టేజ్ పైకి పోవచ్చు, అదే లైన్ మీద మీ హార్డ్ డిస్క్ ఉంటది.

ఇప్పుడు అసలు సర్క్యూట్. రెండు, మూడు వైర్ల ఫ్యాన్లకు ఎల్‌ఎం317 అనే రెగ్యులేటర్ ఐసీ (వోల్టేజ్‌ని తగ్గిచ్చి ఒక్క కాడ నిలబెట్టేది) సరిపోతది, మూడు కాళ్లది, టీవీ రిపేర్ షాపులల్ల కూడ దొరుకుతది, దొరకకపోతే హైదరాబాద్ పోయినప్పుడు కోఠి గుజరాతీ గల్లీల ఒకేసారి అన్నీ తెచ్చుకోవచ్చు. కావాల్సిన సామాన్: ఎల్‌ఎం317 టీవో220 సైజ్‌ది, 220 ఓం రెసిస్టర్, 680 ఓం రెసిస్టర్, 1 కిలో ఓం లీనియర్ పాట్ (తిప్పితే ఓంలు మారే రెసిస్టర్) నాబ్‌తోని, 0.1 మైక్రోఫారడ్ డిస్క్ కెపాసిటర్, 10 మైక్రోఫారడ్ 25 వోల్ట్ ఎలక్ట్రోలిటిక్, ఒక చిన్న అల్యూమినియం హీట్‌సింక్, మైకా షీట్, ప్లాస్టిక్ బుష్, 1 ఆంప్ గ్లాస్ ఫ్యూజ్ హోల్డర్‌తోని, ఒక ఆన్ ఆఫ్ టోగుల్ స్విచ్, ఒక ముక్క జీరో పీసీబీ (రంధ్రాల బోర్డ్), మోలెక్స్ మగ కనెక్టర్. రెసిస్టర్లు పావు వాట్‌వి చాలు.

ఐసీ మీద రాసిన అక్షరాలు మీ దిక్కుండాలె, కాళ్లు కిందికుండాలె, అట్ల పట్టుకుంటే ఎడమ నుంచి మొదటిది అడ్జస్ట్, నడుమది ఔట్, కుడిది ఇన్. 7805 వాడి అలవాటైనోళ్లు జాగ్రత్త, దాంట్ల ఎడమది ఇన్, నడుమది గ్రౌండ్, వరుస పూర్తిగ వేరు. మోలెక్స్ పసుపు వైర్ ఫ్యూజ్ గుండా వచ్చి ఇన్ కాలుకి. ఇన్ కాలుకి గ్రౌండ్‌కి మధ్య 0.1, ఐసీకి దగ్గరనే. ఔట్ కాలు నుంచి ఫ్యాన్ ఎర్ర వైర్. ఔట్‌కి గ్రౌండ్‌కి మధ్య 10 మైక్రోఫారడ్, ప్లస్ ఔట్ దిక్కు. ఔట్‌కి అడ్జస్ట్‌కి మధ్య 220 ఓం. అడ్జస్ట్ నుంచి 680, దాని తర్వాత పాట్, పాట్ రెండో కొన గ్రౌండ్‌కి. ఫ్యాన్ నల్ల వైర్ గ్రౌండ్‌కి. అంతే.

ఫ్యూజ్ ఎందుకు అంటరు, ఎస్‌ఎంపీఎస్ 12 వోల్ట్ లైన్ పదిహేను ఆంప్‌ల పైన కూడ ఇవ్వగలదు, మన సన్న వైర్ ఎక్కడన్న షార్ట్ అయితే ఎస్‌ఎంపీఎస్ ఆగేలోపల వైర్ తొడుగు కాలుతది.

లెక్క ఇది: ఈ ఐసీ ఔట్‌కి అడ్జస్ట్‌కి మధ్య ఎప్పుడూ 1.25 వోల్ట్ ఉంచుతది. ఔట్‌పుట్ వోల్టేజ్ = 1.25 × (1 + కింది రెసిస్టెన్స్ ÷ 220). నాబ్ మొత్తం కిందికి ఉన్నప్పుడు కింద 680 ఒక్కటే, అంటే 5.1 వోల్ట్. నాబ్ మొత్తం పైకి తిప్పితే 1680, లెక్క ప్రకారం 10.8 రావాలె, కానీ ఈ ఐసీ తన కోసం ఒకటిన్నర నుంచి రెండు వోల్ట్‌లు మింగుతది కాబట్టి 12 ఇస్తే 10, పదిన్నర దగ్గర ఆగుతది. ఇగ ఆ టోగుల్ స్విచ్ దీని కోసమే, ఇన్ కాలుకి ఔట్ కాలుకి మధ్య పెట్టండి. ఆన్ చేస్తే ఐసీని పక్కకు పెట్టి 12 వోల్ట్ సక్కగ ఫ్యాన్‌కి పోతది. ఏప్రిల్ నుంచి జూన్‌ల వానలు పడేదాక మధ్యాహ్నం పూట ఈ స్విచ్ ఆన్ చేసి మర్చిపోవచ్చు, ఐసీకి ఏం కాదు, పైగ దానికి వేడే ఉండదు. ఈ స్విచ్ లేని సర్క్యూట్ మన దగ్గర సగం సర్క్యూట్ కిందనే లెక్క.

పాట్ కలిపే తీరు చూడండి. నాబ్ మీ దిక్కు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే ఎడమ కాలు 680 కి, నడుమ కాలు గ్రౌండ్‌కి, కుడి కాలుని కూడ నడుమ కాలుకే కలిపేయండి. అప్పుడు కుడికి తిప్పితే స్పీడ్ పెరుగుతది. కుడి కాలుని ఎందుకు కలపాలంటే, పాట్ లోపల జారే ముక్క దుమ్ము పట్టి కాంటాక్ట్ వదిలేస్తది, మన దుమ్ముకు ఇది కచ్చితంగ అయ్యేదే, అప్పుడు ఎడమకీ కుడికీ మధ్య పూరా 1 కిలో ఓం కనబడి ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌కి పోతది. పాట్ వైరే పూర్తిగ ఊడినా అడ్జస్ట్ కాలు పైకి లేస్తది, ఫ్యాన్ ఫుల్ స్పీడే. ఒక్క 220 ఓం రెసిస్టర్ మాత్రం దీనికి ఉల్టా. అది ఊడిందంటే ఔట్‌పుట్ ఒకటింబావు వోల్ట్ దగ్గరికి పడిపోయి ఫ్యాన్ ఆగిపోతది. అందుకే దాన్ని బోర్డ్ మీద దూరంగ పెట్టకుండ, రెండు కొనలని ఐసీ రెండు కాళ్లకు ఒక్కో చుట్టు చుట్టి, ఆ చుట్టు మీద సోల్డర్ మెరిసేటట్టు పారనీయండి, చల్లారినంక ట్వీజర్‌తోని గుంజి చూడండి, కదలొద్దు. మొత్తం బోర్డ్‌ల ఇంత శ్రద్ధ పెట్టాల్సిన జాయింట్ ఇదొక్కటే.

వేడి సంగతి. ఫ్యాన్ మీది లేబుల్‌ల కరెంట్ రాసి ఉంటది, 0.15, 0.20, 0.25 ఆంప్ అట్ల. ఐసీల పుట్టే వేడి అంటే తగ్గిచ్చిన వోల్ట్‌లు ఇంటూ ఆ కరెంట్. 0.20 ఆంప్ ఫ్యాన్లు రెండు కలిపి, 7 వోల్ట్ మీద నడిపితే 5 × 0.4 = 2 వాట్‌లు. తక్కువ వోల్టేజ్ మీద ఫ్యాన్ గుంజే కరెంట్ కూడ తగ్గుతది కాబట్టి నిజంగ దానికంటే తక్కువే ఉంటది, అయినా లేబుల్ లెక్కనే పట్టుకోండి. హీట్‌సింక్ లేకుండ ఈ సైజ్ ఐసీ ఒక్క వాట్‌కి సుమారు 50 డిగ్రీలు ఎక్కుతది, మన క్యాబినెట్ లోపల ముందే 50 ఉంటే ఒక్క వాట్‌కే 100 అయితది, రెండు వాట్‌లకు దాని లిమిట్ దాటి తనే ఆపేసుకుంటది. ఐసీ ఆపేసుకుంటే ఫ్యాన్ ఆగినట్టే, మనం వద్దనుకున్నది అదే కదా. కాబట్టి ఒక్క ఫ్యాన్ అయినా సరే హీట్‌సింక్ బిగిచ్చుకోండి, దాన్ని ముందు ఫ్యాన్ గాలి తగిలే చోట పెట్టండి. ఎల్‌ఎం317 మీద మొత్తం ఫ్యాన్ల లేబుల్ కరెంట్ 0.6 ఆంప్ దాటనీయొద్దు.

ఐసీ వెనకాల ఉన్న రేకు లోపల్నుంచి ఔట్ కాలుకి కలిసి ఉంటది. హీట్‌సింక్ క్యాబినెట్ రేకుకి తగిలిందంటే ఔట్ సక్కగ గ్రౌండ్‌కి షార్ట్. మధ్యల మైకా షీట్, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ పెట్టి, మైకాకి రెండు దిక్కులా హీట్‌సింక్ పేస్ట్ పల్చగ రాసి బిగిచ్చండి. బిగిచ్చినంక మల్టీమీటర్‌ని కంటిన్యూటీ మీద పెట్టి ఐసీ రేకుకి, హీట్‌సింక్‌కి ముట్టిచ్చి చూడండి, బీప్ రావద్దు.

బోర్డ్ అయిపోయినంక డైరెక్ట్‌గ కంప్యూటర్‌కి తగిలియ్యొద్దు. ఇంట్ల పాత రూటర్‌దో సెట్‌టాప్ బాక్స్‌దో 12 వోల్ట్ 1 ఆంప్ అడాప్టర్ ఉంటది, దాంతోని బల్ల మీద పెట్టి చూడండి. అడాప్టర్ పిన్‌ల ఏది ప్లస్ ఏది మైనస్ మీటర్‌తోని చూసినంకనే కలపండి. ఫస్ట్ ఫ్యాన్ లేకుండ ఔట్ దగ్గర వోల్టేజ్ చూడండి, నాబ్ తిప్పితే 5 నుంచి పది దాక నిదానంగ పోవాలె, ఎక్కడా దునకొద్దు. తర్వాత ఫ్యాన్ పెట్టి ఒక పది పదిహేను నిమిషాలు 7 వోల్ట్ మీద నడిపి హీట్‌సింక్‌ని వేలుతోని ముట్టుకోండి, వేలు పెట్టి ఆగలేకపోతే పెద్ద హీట్‌సింక్ కావాలె.

ఇప్పుడు చానా మంది వదిలేసే పరీక్ష ఒకటుంది. తిరుగుతున్న ఫ్యాన్‌ని నిదానంగ తగ్గిచ్చుకుంట పోతే నాలుగు వోల్ట్ దగ్గర కూడ తిరుగుతనే ఉంటది, కానీ ఆగి ఉన్న ఫ్యాన్ అదే నాలుగు వోల్ట్ మీద లేవదు. లేవనీకి 5, 6, కొన్నిటికి ఇంకా ఎక్కువ కావాలె. మన దగ్గర కరెంట్ పోవుడు రావుడు మామూలే, యూపీఎస్ బ్యాటరీ దిగిపోయి సిస్టమ్ ఆగిందనుకోండి, కరెంట్ వచ్చినంక మళ్ల ఆన్ చేస్తే నాబ్ నిన్న పెట్టిన కాడ్నే ఉంటది, ఫ్యాన్ అక్కడ్నుంచి లేవగలగాలె. అందుకని నాబ్ మొత్తం కిందికి తిప్పి, ఫ్యాన్ ఆపి, రెక్కల్ని చేతితోని వేరే వేరే చోట నిలబెట్టి, కరెంట్ ఇచ్చి చూస్త ఉండండి. ఫ్యాన్‌ని నిలువుగ పెట్టి చూడండి, పడుకోబెట్టి చూడండి. ఒక్కసారి లేవకపోయినా 680 తీసేసి 820 పెట్టండి, అప్పుడు కనీసం 5.9 వోల్ట్ వస్తది. అప్పటికీ లేవకపోతే 1 కిలో ఓం పెడితే 6.9. పాత ఫ్యాన్లు, బేరింగ్ బిగుసుకపోయినయి ఇట్లనే సతాయిస్తయి.

బిగిచ్చే చోటు. పాత క్యాబినెట్‌లల్ల డీవీడీ రైటర్ పెట్టే ఖాళీ అర ఉంటది, దాని మూత ప్లాస్టిక్‌దే కాబట్టి పాట్‌కి 7 మిల్లీమీటర్ల రంధ్రం, స్విచ్‌కి దాని కొలతకి ఒక రంధ్రం వేసుకుంటే సక్కగ కూసుంటది, షార్ట్ భయం కూడ లేదు. బోర్డ్‌ని అదే అరల స్పేసర్లు పెట్టి బిగిచ్చండి, టేప్‌తోని అంటిపెట్టొద్దు, మన వేడికి జిగురు కరిగి బోర్డ్ కింద గ్రాఫిక్స్ కార్డ్ మీద పడ్తది. వైర్లకు స్లీవ్‌లు వేసి, ఫ్యాన్ రెక్కలకు తగలకుండ టై కట్టుకోండి. మూడు వైర్ల ఫ్యాన్ అయితే పసుపు టాకో వైర్ ఒక్కటి మదర్‌బోర్డ్ ఫ్యాన్ హెడర్ మూడో పిన్‌కి ఇయ్యండి, గ్రౌండ్ ఎస్‌ఎంపీఎస్ ద్వారా ఎట్లాగూ కలిసే ఉంటది, ఆర్‌పీఎం స్క్రీన్ మీద కనబడతది.

ఇగ నాలుగు వైర్ల ఫ్యాన్. దీని మోటార్‌కి 12 వోల్ట్ ఎప్పుడూ ఉంటది, నాలుగో వైర్ మీద సెకండ్‌కి 25 వేల సార్లు ఆన్ ఆఫ్ చేసి, అందుల ఆన్ ఎంత శాతమో దాన్ని బట్టి ఫ్యాన్ తన స్పీడ్ తనే చూసుకుంటది. 25 కిలోహెర్ట్జ్ ఎందుకంటే మన చెవికి 20 దాటితే వినబడదు. స్పెసిఫికేషన్ ప్రకారం 21 నుంచి 28 మధ్యల ఉండాలె. ఈ వైర్ లోపల్నుంచి పైకి గుంజి ఉంటది, దాని మీద 5.25 వోల్ట్ దాటొద్దు, మనం చేయాల్సింది దాన్ని గ్రౌండ్‌కి గుంజుడు, వదులుడు. అందుకే 555 ఐసీ (ఆ ఆన్ ఆఫ్ సిగ్నల్ పుట్టిచ్చే టైమర్) ఔట్‌పుట్‌ని డైరెక్ట్‌గ ఇయ్యొద్దు, దాంట్ల 12 వోల్ట్‌కి దగ్గర్ల వస్తది, మధ్యల బీసీ547 ట్రాన్సిస్టర్ పెట్టాలె.

ఎన్‌ఈ555 ఒకటో కాలు గ్రౌండ్‌కి, ఎనిమిది, నాలుగు రెండూ 12 వోల్ట్‌కి, ఐదో కాలు నుంచి 10 నానోఫారడ్ గ్రౌండ్‌కి. రెండు, ఆరు కాళ్లు కలిపి అక్కడ్నుంచి 3.3 నానోఫారడ్ గ్రౌండ్‌కి. ఏడో కాలు నుంచి 1 కిలో ఓం 12 వోల్ట్‌కి. ఏడో కాలునే 10 కిలో ఓం పాట్ నడుమ కాలుకి కూడ కలపండి. పాట్ ఒక కొన నుంచి 1ఎన్4148 డయోడ్, దాని నల్ల గీత రెండు, ఆరు కాళ్ల దిక్కు. పాట్ ఇంకో కొన నుంచి 3.9 కిలో ఓం, దాని తర్వాత ఇంకో 1ఎన్4148, దీని నల్ల గీత మాత్రం 3.9 దిక్కు, రెండో కొన రెండు, ఆరు కాళ్లకు. మూడో కాలు ఔట్‌పుట్, అక్కడ్నుంచి 4.7 కిలో ఓం గుండా బీసీ547 బేస్‌కి, ఎమిటర్ గ్రౌండ్‌కి, కలెక్టర్ ఫ్యాన్ నాలుగో వైర్‌కి. బీసీ547 చదును ముఖం మీ దిక్కు పెట్టి కాళ్లు కిందికుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 12 వోల్ట్‌కి గ్రౌండ్‌కి మధ్య 100 మైక్రోఫారడ్ ఒకటి, 0.1 ఒకటి ఐసీ పక్కనే. ఈ విలువలకు డయోడ్‌లు తినే వోల్టేజ్‌తోని కలిపి లెక్కేస్తే 25 కిలోహెర్ట్జ్ దగ్గర్నే వస్తది.

ఆ 3.9 కిలో ఓం కథ వేరే సర్క్యూట్‌లల్ల కనబడదు, నేను పెట్టమనేది కనీస స్పీడ్ కోసం. ట్రాన్సిస్టర్ సిగ్నల్‌ని ఉల్టా చేస్తది, 555 ఔట్‌పుట్ పైకున్నంతసేపు ఫ్యాన్ వైర్ గ్రౌండ్‌కి ఉంటది. 3.9 లేకపోతే నాబ్ ఒక కొనకి తిప్పితే ఫ్యాన్‌కి సున్నా శాతం పోతది, కొన్ని ఫ్యాన్లు ఆగిపోతయి. ఇది ఉంటే ఎంత తిప్పినా సుమారు 26 శాతం కంటే కిందికి పోదు, పైకి 93 దాక పోతది. ఇంకో ఏడు శాతం కోసం నీలం వైర్‌కి మధ్యల ఒక స్విచ్ పెట్టండి, స్విచ్ ఆఫ్ చేస్తే వైర్ తెగినట్టయి ఫ్యాన్ 100 శాతం తిరుగుతది. ట్రాన్సిస్టర్ బేస్ వైర్ ఊడినా, 555 సాకెట్‌ల నుంచి లేసిపోయినా ఫుల్ స్పీడే. 555 ఔట్‌పుట్ పైన్నే ఇరుక్కుంటే మాత్రం ఫ్యాన్ ఆగొచ్చు, అందుకే ఈ పద్ధతిల టాకో వైర్‌ని మదర్‌బోర్డ్‌కి ఇచ్చుడు తప్పనిసరి అనుకోండి, బయాస్‌ల ఫ్యాన్ వార్నింగ్ కూడ ఆన్ చేసి పెట్టుకోండి. ఒకే ట్రాన్సిస్టర్ మీద రెండు మూడు ఫ్యాన్లు నడుస్తయి, 12 వోల్ట్ మాత్రం అన్నిటికీ మోలెక్స్ నుంచి.

మూడు వైర్ల ఫ్యాన్లనే మాస్‌ఫెట్ (స్విచ్ లెక్క పని చేసే ట్రాన్సిస్టర్) పెట్టి పీడబ్ల్యూఎం చేద్దాం అనేటోళ్లు ఉంటరు. ఫ్యాన్ లోపలి ఐసీకే కరెంట్ పోతా వస్తా ఉంటది కాబట్టి టాకో పిచ్చి లెక్కలు చూపిస్తది, ఫ్రీక్వెన్సీ తక్కువుంటే గుయ్ అని సౌండ్ కూడ వస్తది, సౌండ్ తగ్గిచ్చనీకి చేసే పనిల ఇంకో సౌండ్ తెచ్చుకునుడు ఎందుకు. నాలుగైదు ఫ్యాన్లు ఉండి ఎల్‌ఎం317 చాలకపోతే ఎల్‌ఎం2596 అనే రెడీమేడ్ బక్ మాడ్యూల్ తీస్కోండి, అది వోల్టేజ్‌ని వేడిగ కాలబెట్టకుండ తగ్గిస్తది, 3 ఆంప్ అని రాసి ఉంటది గాని మన వేడికి 2 లోపల వాడుకోండి. దాని మీద ఉన్న చిన్న ఇత్తడి స్క్రూని తిప్పి 7, 8 వోల్ట్ దగ్గర సెట్ చేసి వదిలేయండి, దాన్ని పీకి పొడుగు వైర్లతోని బయటికి నాబ్ గుంజితే సిగ్నల్‌ల గోల చేరి వోల్టేజ్ ఊగుతది. ఇన్‌కి ఔట్‌కి మధ్య టోగుల్ స్విచ్ దీనికి కూడ పెట్టండి.

నాబ్ ఎక్కడ పెట్టాల్నో తేల్చేది రాత్రి పూట కాదు, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు, గది బాగ వేడెక్కినప్పుడు. మీరు రోజూ చేసే బరువైన పనే పెట్టండి, ఆల్బమ్ ఎక్స్‌పోర్ట్, వీడియో రెండరింగ్, గేమ్, ఏదైనా. హెచ్‌డబ్ల్యూ మానిటర్ లాంటి సాఫ్ట్‌వేర్ తెరిచి సీపీయూ, హార్డ్ డిస్క్ టెంపరేచర్ చూసుకుంట, ఫుల్ స్పీడ్ నుంచి కొంచెం కొంచెం దించండి, దించిన ప్రతిసారి ఓ పావుగంట ఆగాలె, లోహం వేడెక్కనీకి అంత టైమ్ పడ్తది. సీపీయూ 80 దాటకుండ, హార్డ్ డిస్క్ 50 దాటకుండ ఎక్కడ నిలబడితే అక్కడ మూత మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తోని చుక్క పెట్టండి, అది ఎండకాలం గీత. అదే పని డిసెంబర్‌ల మళ్ల చేసి ఇంకో రంగు చుక్క. ఎయిర్ కూలర్ ముందు కంప్యూటర్ పెట్టి తేమ గాలి లోపలికి తోలుడు మాత్రం వద్దు, ఆ తేమకు నూగు తడిసి హీట్‌సింక్‌కి అట్టగడ్తది.

ఇంత చేసినా గరగర వస్తుందంటే అది గాలి సౌండ్ కాదు, బేరింగ్ అరిగింది. వెనక స్టిక్కర్ లేపి కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేస్తే కొన్ని నెలలు నడుస్తది, స్లీవ్ బేరింగ్ ఫ్యాన్లకు మాత్రమే ఇది, తర్వాత మార్చుడే. దుమ్ము దులిపేటప్పుడు బ్లోయర్ పెట్టేముందు రెక్కలని వేలుతోని గట్టిగ పట్టుకోండి, గాలికి ఫ్యాన్ దాని లిమిట్ దాటి గిర్రున తిరిగితే బేరింగ్ పాడైతది, పైగ మోటార్ జనరేటర్ లెక్క ఉల్టా వోల్టేజ్ పుట్టిచ్చి వైర్లల్లకి పంపొచ్చు, కాబట్టి మోలెక్స్ పీకి, రెక్క పట్టుకొని, అప్పుడు ఊదండి.